తాటాకు మీద గంటంతో తెలుగు రాయడం: ఇంటి వద్ద నేర్చుకునేవారికి సమగ్ర మార్గదర్శి

గంటం, అంటే ఆకు మీద అక్షరాలు గీసే మొనగల ఇనుపకలం, పట్టిన కుడిచెయ్యి దాదాపు ఒకేచోట నిలిచి ఉండగా, ఆకును పట్టిన ఎడమచెయ్యి దానిని కొద్దికొద్దిగా ఎడమవైపుకు జరుపుతూ పోవడమే తాటాకు రాత. కాగితం మీద కలాన్ని పరుగెత్తించడానికి అలవాటుపడిన మనకు ఈ ఒక్క సంగతి ఒంటపట్టడానికే నెల రోజులు పడుతుంది. అది పట్టుబడిన తరువాత మిగిలినదంతా ఓపికతో సాధ్యమయ్యే పనే. శ్రీకాకుళంలో ఉద్యోగం చేసుకుంటూ, సెలవు రోజుల్లో ఆకులు ఉడకబెట్టుకుని, పాడుచేసుకుని, మళ్లీ ఉడకబెట్టుకుని నేర్చుకున్న అనుభవంతో ఈ వ్యాసం రాస్తున్నాను.

ఈ విద్యకు మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలకు మించిన చోటు నాకు తోచదు. సముద్రతీరం పొడవునా తాడిచెట్లు ఉన్నాయి. మధ్యయుగపు తెలుగు అక్షరాలను కళ్లారా చూడాలంటే శ్రీముఖలింగం ఉంది. గంటంగా మలుచుకోవడానికి కావలసిన దబ్బనం, అంటే గోనెసంచులు కుట్టే పెద్ద సూది, గోగునార పండే ఊళ్లలో ప్రతి కొట్టులోనూ దొరుకుతుంది. రాసిన ఆకుల కట్టకు పైన, కింద పెట్టే పలకలకు పనసకర్ర బొబ్బిలి వైపు, ఆ కట్టను చుట్టడానికి ఖద్దరు పొందూరులో లభిస్తాయి. డబ్బు పెద్దగా ఖర్చు కాదు. కాలం మాత్రం ఉదారంగా ఖర్చుపెట్టవలసి ఉంటుంది.

ముందుగా కంటికి పని

చాలామంది నేరుగా గంటం పట్టుకోవాలని ఆరాటపడతారు. అలా చేస్తే బడిలో నేర్చుకున్న అచ్చు అక్షరాలే ఆకు మీదికి వస్తాయి తప్ప పాత రాత రాదు. కాబట్టి మొదటి మూడు, నాలుగు వారాలు చూడటానికీ, చదవడానికీ కేటాయించండి.

వంశధార ఒడ్డున, జలుమూరు మండలంలో ఉన్న శ్రీముఖలింగం తూర్పు గాంగుల రాజధాని అయిన కళింగనగరమని చరిత్రకారులు గుర్తించారు. అక్కడి మధుకేశ్వరాలయంలో తెలుగు లిపిలో చెక్కిన శాసనాలు విస్తారంగా ఉన్నాయి. వాటిలో చాలా భాగం 1078లో పట్టాభిషిక్తుడైన అనంతవర్మ చోడగంగదేవుని కాలానికీ, ఆ తరువాతి గాంగరాజుల కాలానికీ చెందినవి. 1863లో ఆ చుట్టుపక్కలే ఉన్న పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులు గారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా ఉన్న కాలంలో ఈ శాసనాల లిపిని గురువు లేకుండా తమంతట తాముగా నేర్చుకున్నారు. నేర్చుకునేవారికి ఇంతకన్నా ధైర్యం చెప్పే సంగతి మరొకటి లేదు.

గుడికి ఉదయం ఎండ ఏటవాలుగా పడే వేళ వెళ్లండి. నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు కనిపించని గీత, పక్క నుంచి వెలుగు పడినప్పుడు నీడతో సహా స్పష్టంగా కనిపిస్తుంది. అక్షరం బాగా కనబడాలని రాతి మీద సుద్ద, పసుపు, నూనె, నీళ్లు ఏవీ రాయకూడదు. అది పురావస్తు శాఖ సంరక్షణలో ఉన్న ఆలయం, పైగా అలా రాసిన ప్రతిసారీ రాయి కొంత అరుగుతుంది. ఒక చిన్న నోటుపుస్తకంలో రోజుకు ఒక్క వరుస చొప్పున, అక్షరం ఆకారాన్ని ఉన్నది ఉన్నట్టు గీసుకోండి. అర్థం తెలియకపోయినా ఫరవాలేదు.

చదివేటప్పుడు కొన్ని అలవాట్లు గుర్తుంచుకోవాలి. పాత రాతలో మాటకూ మాటకూ మధ్య ఖాళీ ఉండదు. ఎ, ఏలకూ, ఒ, ఓలకూ తరచుగా ఒకే గుర్తు వాడతారు. అన్నిటికన్నా తికమకపెట్టేది వలపలగిలక. మనం ‘ధర్మము’ అని రాసే మాటను పాతవారు ‘ధమ౯ము’ అని, అంటే పలుకుబడిలో ముందు వచ్చే రకారపు గుర్తును తరువాతి హల్లుకు కుడిపక్కన పెట్టి రాసేవారు. ఆ గుర్తు తొమ్మిది అంకెను పోలి ఉండటం వల్ల కొత్తవారు దానిని అంకెగా చదువుతారు. రేఫ తరువాతి హల్లును ద్విత్వం చేసి ‘ధర్మ్మ’ అని రాయడం కూడా శాసనాల్లో మామూలే. మీరు ఆకు మీద రాసేటప్పుడు అరసున్నను, బండి ‘ఱ’ను, వలపలగిలకను వాడితే రాతకు ఆ కాలపు రూపం వస్తుంది. అయితే ఒక గ్రంథంలో ఒక పద్ధతి పాటించడం మొదలుపెట్టాక చివరి ఆకు దాకా అదే పాటించాలి.

ఇంట్లోనో, బంధువుల ఇంటనో పాత తాటాకు కట్ట ఉంటే దానిని చూసి నేర్చుకోవచ్చు గాని, దాని మీద ఏ ప్రయోగమూ చేయకండి. మసి పూసి అక్షరం తేటగా కనిపించేలా చేద్దామన్న కోరిక బలంగా కలుగుతుంది. నూరేళ్లు ఎండిన ఆకు మీద అనుభవం లేని చేత్తో రుద్దితే పొరలు పొరలుగా లేచిపోతుంది. సాధన కోసం పాత ఆకులు కొనవద్దు కూడా. చారిత్రక, సాహిత్య విలువ ఉండి 75 ఏళ్లు దాటిన రాతప్రతులు 1972 నాటి పురావస్తు చట్టం పరిధిలోకి వస్తాయి.

ఆకు ఎంపిక

రాతకు పూర్వం రెండు రకాల ఆకులు వాడేవారు. శ్రీతాళం ఆకు వెడల్పుగా, పలుచగా, మెత్తగా ఉంటుంది. అది మన వైపు దొరకడం కష్టం. మన ఊళ్లలో ఉన్న మామూలు తాడిచెట్టు ఆకు కాస్త మందంగా, పెళుసుగా ఉంటుంది గాని, సరిగా సిద్ధం చేస్తే తరాలపాటు నిలుస్తుంది.

కల్లుగీసేవారిని మర్యాదగా అడిగితే వారే మంచి మట్టను దించి ఇస్తారు. చెట్టు ఎక్కే సాహసం మీరు చేయవద్దు. వారితో ‘మొవ్వు వద్దు, ముదురు వద్దు, మొవ్వుకు పక్కన విప్పారిన మట్ట కావాలి’ అని చెప్పండి. ఇంకా విప్పారని లేత మొవ్వాకు తెల్లగా, అందంగా కనిపిస్తుంది గాని ఎండిన తరువాత ముడుచుకుంటుంది. మొవ్వును కోస్తే చెట్టుకు కూడా చేటు. ముదురాకు గంటం పెట్టగానే చిట్లుతుంది. వానాకాలం ఆకులో నీరు ఎక్కువ, ఆరబెట్టడానికి ఎండ తక్కువ. మాఘమాసం మొదలు వైశాఖం దాకా ఈ పనికి అనువైన కాలం. నేను మొదటిసారి శ్రావణంలో సిద్ధం చేసిన ఆకులు నలభైకి నలభై బూజు పట్టాయి. పైకి ఆరినట్టు కనిపించిన ఆకును తొందరపడి కట్టగా కట్టి పెట్టెలో పెట్టడమే అందుకు కారణం.

మట్ట నుంచి ఆకులను విడదీసి, ఒక్కొక్క ఆకు నడుమ ఉండే ఈనెను పదునైన చాకుతో తీసేయండి. అప్పుడు ఒక ఆకు నుంచి రెండు కమ్మలు వస్తాయి. మొదలు, కొస వదిలేసి, మధ్యభాగంలో వెడల్పు సమంగా ఉన్నచోట కత్తిరించాలి. నేర్చుకునేవారికి 25 నుంచి 30 సెంటీమీటర్ల పొడవు, 3 సెంటీమీటర్ల వెడల్పు చాలు. తుది కొలతకు ఇప్పుడే కత్తిరించకండి. ఉడికి ఆరేటప్పుడు అంచులు కొంత వంకరపోతాయి కాబట్టి అన్నివైపులా అరసెంటీమీటరు ఎక్కువగా ఉంచుకోండి. ఆకుల్లో మూడోవంతు పాడవుతాయని ముందే లెక్కవేసుకుని, ముప్పై కావాలంటే నలభై అయిదు కత్తిరించుకోండి.

ఉడకబెట్టడం, ఆరబెట్టడం

కోసిన కమ్మలను నీడలో రెండు, మూడు రోజులు వాడనిచ్చి, వదులు చుట్టలుగా చుట్టి, దారంతో కట్టండి. వెడల్పాటి గిన్నెలో ఆకులు మునిగేటన్ని నీళ్లు పోసి, మూడు లీటర్లకు రెండు పెద్ద చెంచాల చొప్పున పసుపు కలపండి. పసుపు వల్ల పురుగు త్వరగా పట్టదు, ఆకుకు లేత బంగారు వన్నె కూడా వస్తుంది. సన్నని మంట మీద ముప్పావు గంట నుంచి గంట సేపు ఉడకనివ్వాలి. ఒక ఆకును బయటికి తీసి వేలికి చుట్టి చూడండి: చిట్లకుండా చుట్టుకుంటే చాలు. అంతకు మించి ఉడికితే నార వదులై, గంటం గీసిన గీత అంచులు చెదురుతాయి.

తీసిన వెంటనే మంచినీళ్లతో కడిగి, గుడ్డతో తుడిచి, నీడలో గాలి తగిలేలా ఒక్కొక్కటిగా పరవండి. సముద్రం దగ్గరి ఊళ్లలో రాత్రి గాలిలో తేమ ఎక్కువగా ఉంటుంది కాబట్టి చీకటి పడకముందే లోపలికి తేవాలి. మూడు, నాలుగు రోజులకు ఆకు పైకి ఆరినట్టు అవుతుంది. అప్పుడు వాటిని రెండు చెక్కల మధ్య పేర్చి, పైన సన్నికల్లు వంటి బరువు పెట్టి వారం రోజులు ఉంచండి. రోజుకోసారి విప్పి, కింది ఆకులు పైకి, పైవి కిందికి మార్చాలి. రెండు ఆకులను ఒకదానితో ఒకటి తాకించినప్పుడు పొడి చప్పుడు వినిపిస్తే లోపలి తేమ పోయినట్టు లెక్క. బూజు పట్టిన నా ఆకులు ఈ పరీక్షలో మెత్తగా, చప్పుడు లేకుండా ఉన్నాయని తరువాత గుర్తుకు వచ్చింది.

ఇక నునుపు చేయాలి. నున్నటి ఏటిరాయితో గాని, పెద్ద గవ్వ వీపుతో గాని ఆకు పొడవునా, నార వెంబడే రుద్దాలి. అడ్డంగా రుద్దితే నార లేస్తుంది. ఆకు మీద సన్నని మెరుపు వచ్చేదాకా రుద్ది, రెండు చుక్కల నువ్వులనూనె గుడ్డకు అద్ది పలుచగా తుడిచి, ఒక రోజు ఆరనిచ్చి, అప్పుడు తుది కొలతకు అంచులు కత్తిరించండి.

కట్టతాడు పోనిచ్చే రంధ్రాలు రాయకముందే వేసుకోవాలి. పొట్టి ఆకుకు నడుమ ఒకటి, పొడవైన ఆకుకు రెండు కొసల నుంచి సుమారు నాలుగోవంతు దూరంలో ఒక్కొక్కటి చొప్పున రెండు వేస్తారు. ఎర్రగా కాలిన సన్నని ఇనుపచువ్వతో వేస్తే అంచు గట్టిపడి ఆకు చీలదు. అన్ని ఆకులకూ రంధ్రం ఒకేచోట రావాలంటే, ఒక మందపాటి అట్టముక్కకు ముందుగా రంధ్రం వేసి దానిని కొలతగా వాడుకోండి.

గంటం

పాత గంటాలు ఇనుముతో చేసినవి. కొన్నింటికి ఒక కొస మొనగా, మరొక కొస ఆకు అంచులు కోసుకునే కత్తిగా ఉండేది. నేర్చుకునే దశలో గోనెసంచులు కుట్టే దబ్బనాన్ని సరిచేసి, వెదురుపిడికి గాని, చేవగల కర్రపిడికి గాని గట్టిగా బిగించుకుంటే సరిపోతుంది. మొత్తం పొడవు ఒక జానెడు ఉంటే చేతికి కుదురుతుంది. పిడి కాస్త బరువుగా ఉండటం మేలు, ఆ బరువే గీతకు లోతునిస్తుంది. చేత్తో నొక్కవలసిన అవసరం తగ్గుతుంది.

మొన విషయంలో శ్రద్ధ అవసరం. సూదిలా మరీ వాడిగా ఉంటే నారలో దిగబడి ఆకు అవతలికి పోతుంది. మొండిగా ఉంటే గీత పడదు. సానరాయి మీద నూనె చుక్క వేసి, గంటాన్ని వేళ్లమధ్య తిప్పుతూ మొనను కొంచెం గుండ్రంగా సానపట్టండి. గోటి మీద తేలికగా గీసినప్పుడు జారకుండా, గుచ్చుకోకుండా సాగితే మొన కుదిరినట్టే.

కూర్చునే తీరు, ఎడమచెయ్యి

బల్ల ముందు కుర్చీలో కూర్చుని ఈ పని చేయలేము. నేల మీద బాసింపట్టు వేసుకుని, ఎడమ మోకాలిని కొద్దిగా ఎత్తి, దాని మీద ఎడమచేతిని ఆనించండి. రాయబోయే ఆకు కింద నాలుగైదు పనికిరాని ఆకులు పెడితే మెత్తని ఆధారం ఏర్పడుతుంది. వాటన్నిటినీ కలిపి ఎడమ అరచేతిలో నాలుగు వేళ్ల మీద ఆనించి, బొటనవేలిని పైన ఉంచాలి. కుడిచేతి పిడికిలితో గంటాన్ని నిలువుగా పట్టుకుని, దాని కింది భాగాన్ని ఎడమ బొటనవేలికి ఆనించండి. పూర్వపు లేఖకులు ఎడమ బొటనవేలి గోరు పెంచి, అందులో చిన్న గాడి చేసుకుని, గంటాన్ని ఆ గాడిలో నిలిపేవారు. మనం గోరు పెంచనక్కరలేదు గాని, ఆ అలవాటు వెనుక ఉన్న సూత్రం మాత్రం పాటించాలి: గంటం ఎటూ తూలకుండా నిలిపేది ఆ బొటనవేలే.

మొదటి వారం అక్షరాల జోలికి పోకండి. గంటాన్ని నిలిపి, ఎడమచేత్తో ఆకును చిన్నగా తిప్పుతూ సున్నాలు మాత్రమే గీయండి. ఒక వరుసలో ముప్పై సున్నాలు సమానంగా వచ్చేదాకా సాధన చేయాలి. సున్నా మొదలైన చోటే ముగియకుండా తెరుచుకుని మిగిలితే, కుడిచెయ్యి కదులుతున్నదని అర్థం. రోజుకు అరగంట చాలు. మెడ, నడుము నొప్పి పుట్టకముందే లేవాలి. వీపు, నడుము, మెడ విరిగి, చూపు బిగిసి, తలవంచుకుని కష్టపడి రాసిన గ్రంథమిది, ప్రయత్నంతో కాపాడండి అని పాత లేఖకులు ఆకుల చివర శ్లోకరూపంలో విన్నవించుకున్నది ఊరకే కాదు.

అక్షరాల వరుస

తాటాకులో నార పొడవుగా పోతుంది. నార వెంబడి గీసిన అడ్డగీత ఆకును చీల్చే ప్రమాదం ఉంది. నారను దాటుతూ వంపు తిరిగిన గీత ఆకును చీల్చదు. తెలుగు, ఒడియా వంటి లిపులు గుండ్రబడటానికి ఇది ఒక కారణమని లిపి చరిత్రను చదివినవారు చాలామంది చెబుతారు. తాటాకు మీదనే రాసిన తమిళంలో నిటారు గీతలు, కోణాలు మిగిలి ఉండటాన్ని బట్టి ఇదొక్కటే కారణం కాదని నా అభిప్రాయం. కారణం ఏదైనా, ఆకు మీద రాసేవారికి ఆ నియమం ప్రతి క్షణమూ అనుభవంలోకి వస్తుంది.

అందువల్ల అ ఆ ఇ ఈ వరుసలో నేర్చుకోవడం ఇక్కడ పనికిరాదు. ఆకారం కలిసే అక్షరాలను గుంపులుగా నేర్చుకోవాలి. సున్నా తరువాత ఠ, ర. ఆపైన ద, ధ, డ, ఢ. తరువాత వ, ప, మ, ష, య. అటుపైన న, స, త, గ, శ. లోపల మెలికలు ఉన్న ఖ, ఞ, ఋ వంటివి చివరికి ఉంచుకోండి. ఒక గుంపుకు కనీసం వారం పట్టనివ్వండి. తలకట్టును ఎప్పుడూ అక్షరం పూర్తయిన తరువాత, నారకు ఏటవాలుగా, చిన్న కొక్కెంలా పెట్టాలి. కాగితం మీద లాగినట్టు అడ్డంగా లాగితే తలకట్ల వరుస పొడవునా ఆకు రెండుగా విడిపోతుంది. వత్తులకు కింద చోటు కావాలి కనుక వరుసల మధ్య దూరాన్ని వాటిని దృష్టిలో పెట్టుకుని నిర్ణయించుకోండి.

గీతలు గీసుకోవలసిన అవసరం లేదు. వెలుగుకు అడ్డంగా పట్టి చూస్తే ఆకులోని సన్నని ఈనెలే సమాంతరమైన గీతల్లా కనిపిస్తాయి. 3 సెంటీమీటర్ల వెడల్పులో కొత్తవారు నాలుగు వరుసలు, చెయ్యి తిరిగినవారు ఆరు వరుసలు రాయగలరు. రంధ్రం చుట్టూ, రెండు కొసల వద్ద ఖాళీ వదలాలి. ఎడమ అంచులో ఆకు సంఖ్యను తెలుగు అంకెల్లో వేయండి. ఆకుకు ఒక సంఖ్య చాలు. వెనుకవైపు మళ్లీ వేయనక్కరలేదు. మొదటి ఆకు మీద ‘అవిఘ్నమస్తు’ అని రాసి ప్రారంభించడం సంప్రదాయం.

తప్పు పడితే చెరపడానికి వీలులేదు. పాతవారు తప్పు అక్షరం మీద చిన్న గీత గీసి ముందుకు సాగేవారు, విడిచిన మాటను అంచులో చేర్చేవారు. మీరూ అలాగే చేయండి. ఒక్క తప్పుకు ఆకు మొత్తం పారవేసే అలవాటు చేసుకుంటే ఏ గ్రంథమూ పూర్తికాదు. మొదటి పాఠంగా పది పద్యాలకు మించనిది ఎంచుకోండి. శతకపద్యాలు ఇందుకు చక్కగా కుదురుతాయి. ఆకుకు ఒకవైపున ఒక పద్యం సరిపోతుంది.

మసి పూయడం

గంటం గీసిన గీత లేత బంగారు వన్నె ఆకు మీద దాదాపు కనిపించదు. మసి పూసినప్పుడే అక్షరం పైకి తేలుతుంది. ఆముదం దీపం మీద ఇత్తడి పళ్లాన్ని కొంచెం ఎత్తులో బోర్లించి, పట్టిన మసిని మెత్తని ఈకతో దులిపి సేకరించండి. చిటికెడు మసికి మూడు, నాలుగు చుక్కల నువ్వులనూనె గాని, నిమ్మగడ్డి నూనె గాని కలిపి ముద్ద చేయాలి. చిక్కుడాకు పసరుతో కలిపే పద్ధతి కూడా ఉంది. పసరు మసిని గీతలో పట్టి ఉంచుతుంది. నూనె ఎక్కువైతే ఆకంతా నల్లబారి, ఎన్నిసార్లు తుడిచినా మరక పోదు.

ముద్దను గుడ్డతో ఆకు పొడవునా అద్ది, అయిదు నిమిషాలు ఆగి, పొడి తవుడు చల్లి మరొక గుడ్డతో తుడవండి. పైపైన ఉన్న మసి తవుడుకు అంటుకుని పోతుంది, గీతలో దిగినది నిలుస్తుంది. లోతు చాలని చోట అక్షరం పాలిపోయి కనిపిస్తుంది. ఆ ఒక్కచోట గంటంతో మళ్లీ గీసి మసి పూయవచ్చు.

అలంకరణ

అలంకరణ కూడా అదే గంటంతో, అదే మసితో చేయవలసినదే. రంధ్రం చుట్టూ ఎనిమిది రేకుల పద్మం, కొసల్లో లత, పద్యం ముగిసిన చోట చిన్న పువ్వు ఉంటే ఆకు నిండుగా ఉంటుంది. లతల కోసం వేరెక్కడికో పోనక్కరలేదు. శ్రీముఖలింగం ఆలయ ద్వారబంధాల మీద రాతిలో చెక్కిన తీగల మెలికలు ఎంతో సన్నని పనితనంతో ఉంటాయి. శాసనాలు చూడటానికి వెళ్లినప్పుడే వాటిలో ఒక్క మెలికను నోటుపుస్తకంలో గీసుకుని, వేలెడంత వెడల్పుకు కుదించి సాధన చేయండి. బొమ్మలు గీయాలనే ఆసక్తి ఉంటే, పూరీ దగ్గరి రఘురాజపూర్ చిత్రకారుల తాళపత్ర చిత్రాలను గమనించండి. వారు కమ్మలను పక్కపక్కన దారంతో కుట్టి, మడవడానికి వీలైన పెద్ద పటంగా చేస్తారు.

రంగు విషయంలో పొదుపు అవసరమని నా నమ్మకం. రాత ఉన్న ఆకు మీద నలుపు ఒక్కటే అందం. రంగులు వేయాలనిపిస్తే పైన, కింద పెట్టే పలకల మీద వేయండి. బొబ్బిలి దగ్గరి గొల్లపల్లిలో వీణలు చెక్కే పనసకర్ర పలకలకు చక్కగా సరిపోతుంది. ఆకుకన్నా నాలుగువైపులా అరసెంటీమీటరు పెద్దవిగా కోయించి, నునుపు చేసి, జాజుతో ఎర్రని పూత వేసి, అంచున నల్లని లత దిద్దితే చాలు.

కట్ట

నూలుతాడును రంధ్రాలలో ఒకదాని గుండా పోనిచ్చి, రెండో రంధ్రం ఉంటే దానిలో ఆకులు జరగకుండా సన్నని వెదురుపుల్ల పెట్టండి. తాడు మిగిలిన భాగాన్ని పలకల చుట్టూ మూడు, నాలుగు చుట్లు తిప్పి కట్టాలి. మరీ బిగిస్తే అంచులు నలుగుతాయి, వదులైతే ఆకులు ఒకదానితో ఒకటి రాసుకుని అక్షరాలు అరుగుతాయి. నూనె నుంచి, నీటి నుంచి, వదులు కట్టు నుంచి నన్ను కాపాడండి అని పుస్తకమే వేడుకున్నట్టు చెప్పే పాత శ్లోకంలో మూడో భయం ఇదే.

చివరి ఆకు మీద సంవత్సరం పేరు, మాసం, తిథి, మీ ఊరు, మీ పేరు రాయండి. తరువాత కట్టను పొందూరు ఖద్దరు గుడ్డలో చుట్టి, పురుగు పట్టకుండా మడతలో రెండు వసకొమ్ములు పెట్టి, నేలకు ఎత్తుగా గాలి ఆడే చోట ఉంచాలి. నవరాత్రుల్లో మూలా నక్షత్రం నాడు పుస్తకాలను సరస్వతీ పూజలో పెట్టడం మన ఇళ్లలో ఆచారం. ఆ రోజు కట్టను పూజలో ఉంచండి గాని విప్పకండి, ఎందుకంటే మన తీరంలో అది తుపానుల కాలం, గాలి నిండా తేమ ఉంటుంది. విప్పి ఆకులను ఒక్కొక్కటిగా తిరగేయడానికీ, వసకొమ్ములు మార్చడానికీ, కొత్త ఆకుల కోసం కల్లుగీసేవారిని కలవడానికీ మాఘమాసం దాకా ఆగండి.